మూసీ వరదయు చెఱువుల కట్టలును

తుపాను దెబ్బ సముద్రతీరపు టూళ్లకే గాని మనవంటి మెట్టసీమలకు దగులదని పలువురు తలంతురు. సముద్రమునకు 200 కిలోమీటర్లకు మించిన దూరమున నున్న హైదరాబాదు నగరము 1908 సెప్టెంబరు 28వ తేదీని ఎట్లు పాడయ్యెనో తెలిసికొన్నచో నీ తలంపు మాఱును.

వెచ్చని సముద్రజలము ఆవిరియై పైకెగయుచోట గాలియొత్తిడి తగ్గును. చుట్టునున్న గాలులు సుడి తిరుగుచు నచ్చోటికి వచ్చును. దీనిని మనము తుపాను అందుము. అట్లాంటికు తీరవాసులు హరికేను అందురు. నేలపైకి వచ్చిన పిదప గాలివేగము సన్నగిల్లును గాని మేఘములు మోసికొని వచ్చిన నీరు ఎక్కడనో యొకచోట గురియకమానదు. బంగాళాఖాతపు గాలివాన యట్లే లోనికి జొచ్చివచ్చి, నగరమునకు సమీపమున శంషాబాదునొద్ద 24 గంటలలో 12 అంగుళములకు మించిన వర్షమును గురిపించెను.

వాన యొక్కటియే యింత నాశము చేయలేదు. మూసీ యెగువసీమలో నప్పుడు 788 చెఱువు లుండెను. ఇవి గొలుసుకట్టు చెఱువులు. మీది చెఱువు మత్తడి దూకిన నీరు క్రింది చెఱువును జేరును. సామాన్యవర్షములలో నీ యేర్పాటు రైతునకు వరప్రసాదము. మీది కట్ట తెగినప్పుడో, ఆ నీరంతయు నొక్క పెట్టున క్రింది కట్టపై బడి దానిని గూడ దెంచును. అట్లు 221 చెఱువులు తెగెను. అఫ్జల్‌గంజు మొదలగు పేటలు మునిగెను, వంతెనలు దెబ్బతినెను, సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఒక చింతచెట్టు నెక్కి 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి యావరణమున నేటికిని గలదు.

పిమ్మట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించెను. వరదను నగరమునకు మీదనే నిలుపవలెనని ఆయన సూచించిరి. ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను.

అయినను 2020 అక్టోబరులో బంగాళాఖాతపు వాయుగుండము వచ్చినప్పుడు నగరము మరల మునిగెను. చెఱువుల శిఖములలోను, నీటి కాలువలపైనను ఇండ్లు వెలసియుండుటచే నీటికి దారి కఱవయ్యెను. పాతబస్తీలో గుఱ్ఱం చెఱువు కట్ట తెగి పలువీథులు జలమయములయ్యెను.

ఈ కథ మనకు దూరపుది కాదు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీథులలో నీరు ఏరై పాఱెను. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలోను ఊరూర చెఱువు గలదు. కావున తలిదండ్రులకు మా మనవి: స్థలము కొనుటకు ముందు అది చెఱువు శిఖమో, కాలువదారియో విచారింపుడు. విద్యార్థులారా! కాలువలో చెత్త వేయకుడు. కట్టపై నీరు చెమర్చుటగాని, బొరియలు పడుటగాని కనబడినచో వెంటనే పెద్దలకు దెలుపుడు. వాన కురియుచుండగా కట్టపై నాడుకొనవలదు.

ఇసుకమీద ఇల్లు కట్టిన బుద్ధిహీనుని యుపమానమును మన మందఱము చదివియున్నాము. నీరు నడచు త్రోవలో కట్టిన యింటికిని అదియే గతి. వానను ఆపుట మన చేతిలో లేదు. కట్టను గాచుటయు, నీటికి దారి విడుచుటయు మన చేతిలోనివే.