మీకు తెలుసా? కరీంనగర్‌కు ఉత్తరాన 74 నాటికల్ మైళ్లు ఆదిలాబాద్

కరీంనగర్ దాదాపు 18 డిగ్రీల 26 నిమిషాల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఆదిలాబాద్ 19 డిగ్రీల 40 నిమిషాల మీద. తేడా 74 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం దూరమే ఒక నాటికల్ మైలు. ఆ లెక్కన సముద్రమే లేని మన గడ్డ మీద ఈ రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాల దూరం 74 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 137 కిలోమీటర్లు. మలుపులు తిరిగే రోడ్డు లెక్క వేరనుకోండి.

ఓడ నడిపేవారికి ఇదెంత సుఖమో! పటం అంచున నిమిషాల గీతలు చూస్తే చాలు, వేరే కొలబద్ద అక్కర్లేదు. అయితే భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉండటంతో నిమిషం పొడవు భూమధ్యరేఖ వద్ద 1,843 మీటర్లు, ధ్రువాల వద్ద 1,862. అందుకే 1929లో నాటికల్ మైలును అంతర్జాతీయంగా 1,852 మీటర్లకు ఖాయం చేశారు.

డిగ్రీ పొడవును నేల మీద కొలిచిన మహాయజ్ఞం మన పక్కనుంచే సాగింది. 1802లో మద్రాసులో సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్, 78వ రేఖాంశం వెంబడి ఉత్తరానికి కొలుచుకుంటూ వెళ్లి, 1823లో ఆదిలాబాద్‌కు పైనున్న హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. ఆ రేఖాంశం బాసర చెంతనే పోతుంది.

ఓడ వేగం గంటకు ఒక నాటికల్ మైలైతే అది ఒక నాట్. సముద్రపు లోతుకు వాడిన ఫాదమ్ 6 అడుగులు, చేతులు బారజాపినంత. మన వ్యవసాయ బావుల లోతు చెప్పే ‘బార’ కూడా ఆ కొలతే.