బురదే బిరడా!

పలుచని చేతిరుమాలును పెదవుల ముందు బిగువుగా పట్టి ఊదండి. గాలి సులువుగా దాటిపోతుంది. దాన్నే నీటిలో ముంచి మళ్ళీ ఊదండి. ఈసారి గాలి ఆగిపోతుంది! గుడ్డలోని రంధ్రాలు ఎక్కడికీ పోలేదు. వాటిలో నీరు చేరి కూర్చుంది. బాగా గట్టిగా ఊదితేనే బుడగలు వస్తాయి. ఈ ప్రయోగాన్ని గుర్తుంచుకుని నాతో ఉత్తర సముద్రానికి రండి.

నార్వేకి చెందిన స్లైప్నర్ అనే సహజవాయు క్షేత్రం అక్కడ ఉంది. అందులో వెలువడే వాయువులో సుమారు 9 శాతం కార్బన్ డై ఆక్సైడే. (మా చిన్నతనంలో దీన్ని బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళం.) గాలిలోకి వదిలితే భూమి వేడెక్కుతుంది, పైగా 1991లో నార్వే దీనిమీద పన్ను వేసింది. అందుకని 1996 నుంచి దాన్ని వేరుచేసి, సముద్రమట్టానికి 800 మీటర్లకు పైగా లోతున, ఉప్పునీటితో నిండిన ఇసుక పొరలోకి పంపసాగారు. 2016 నాటికి పంపింది కోటిన్నర టన్నులకు పైమాటే.

కాని ఈ వాయువు ఆ ఉప్పునీటికంటె తేలిక. ఎప్పుడూ పైకి తేలాలనే చూస్తుంది. మరి దాన్ని ఆపుతున్నదేమిటి? మడ్‌స్టోన్! ఒకప్పటి సముద్రపు బురదే పైబరువుకు నొక్కుకుపోయి ఇలా రాయిగా మారింది.

ఈ రాతిలో రంధ్రాలు లేవనుకునేరు! ఉంటాయి, తక్కువేమీ కాదు. అయితే మరీ సన్నం. ద్రవాలనూ వాయువులనూ తనగుండా పోనిచ్చే గుణాన్ని పారగమ్యత అంటారు. దాని ప్రమాణం డార్సీ. ఇసుకగుండా నీరు పారే తీరును పరిశీలించి 1856లో సూత్రం చెప్పిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ పేరది. స్లైప్నర్ ఇసుక పారగమ్యత ఒక డార్సీకి మించే ఉంటుంది. మంచి మడ్‌స్టోన్‌ది డార్సీలో పదిలక్షలవ వంతు కూడా ఉండకపోవచ్చు. పైగా ఆ రంధ్రాల నిండా నీరే. మన తడిరుమాలే! రంధ్రం సన్నమైనకొద్దీ అందులోని నీటిని నెట్టడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. మన కృష్ణా గోదావరి మైదానం అడుగున సహజవాయువు నిలిచి ఉన్నదీ ఇలాంటి పొరల కిందనే.

స్లైప్నర్‌లో ఒక చిత్రం జరిగింది. ఆ ఇసుక మధ్యలో కూడా మీటరు మందాన మడ్‌స్టోన్ పొరలు కొన్ని ఉన్నాయి. లోపలికి ధ్వని తరంగాలను పంపి, అవి తిరిగివచ్చే తీరును పరీక్షించారు. చూస్తే, 1999 నాటికే వాయువు ఆ పొరలన్నిటినీ దాటి ఇసుక పైఅంచుకు చేరింది! వాటిలో పగుళ్ళో, సందులో ఉండి ఉంటాయని నిపుణుల ఊహ. పైనున్న వందల మీటర్ల మూత మాత్రం నిలిచింది.

ప్రయోగశాలలో పరీక్షించేది అరచేతిలో పట్టే రాతిముక్కను. మైళ్ళ పొడవు పొరలో ఎక్కడో ఉన్న పగులు ఆ ముక్కలో కనబడదు. మితిమీరిన ఒత్తిడితో పంపితే మంచి మూతకైనా కొత్త పగుళ్ళు రావచ్చు. అందుకే పంపే ఒత్తిడిని రాయి చీలే హద్దుకు దిగువనే ఉంచుతారు.