ఎక్స్‌రే బాగానే ఉంది.. మరి ఆయాసం ఎందుకు? శ్వాసనాళాల ఇరుకును పట్టే పరీక్షలివే

రాత్రి పడుకుంటే పిల్లికూతలు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే తీయిస్తే మాత్రం ‘నార్మల్’. డాక్టర్ చీటీలో ‘పీఎఫ్‌టీ’ అని రాస్తే, ‘ఎక్స్‌రే బాగుంది కదా, మళ్లీ ఇంకో టెస్టా?’ అని చాలామంది పక్కన పెట్టేస్తుంటారు. కానీ ఆస్తమా, సీఓపీడీ లాంటి జబ్బులను నిర్ధారించడానికి ఆ పరీక్షే కీలకం. ఎక్స్‌రే అంటే ఒక్క క్షణంలో తీసిన ఫొటో. శ్వాసనాళం ఎప్పుడూ ఒకే వెడల్పులో ఉండదు.

వెడల్పు ఎందుకు మారుతుంది?

గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తులు విప్పారి, శ్వాసనాళాలను అన్నివైపులా లాగుతాయి. దాంతో అవి కాస్త వెడల్పవుతాయి. గాలి వదిలినప్పుడు మళ్లీ సన్నబడతాయి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఈ తేడా తెలియనే తెలియదు. ఆస్తమాలో నాళాల చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర వాస్తుంది, కఫం చేరుతుంది. అప్పటికే ఇరుకైన దారి, ఊపిరి వదిలేటప్పుడు మరింత ఇరుకవుతుంది. పిల్లికూత ఎక్కువగా అప్పుడే వినిపించేది అందుకే.

కొద్దిపాటి ఇరుకే ఇంత ఇబ్బంది పెట్టడానికీ కారణముంది. గాలి నెమ్మదిగా, సాఫీగా సాగే గొట్టం వెడల్పు సగానికి తగ్గితే అడ్డంకి రెండింతలు కాదు, 16 రెట్లు పెరుగుతుంది.

ఎలా కొలుస్తారు?

పైపు ఎంత పూడిందో కొళాయి ధార చూసి చెప్పినట్టే, ఊదిన గాలి వేగాన్ని బట్టి నాళాల ఇరుకును అంచనా వేస్తారు. ఇదే స్పైరోమెట్రీ. 1846లో బ్రిటన్ వైద్యుడు జాన్ హచిన్సన్ తన స్పైరోమీటర్‌ను ప్రపంచానికి పరిచయం చేశారు. ఇప్పుడున్నవి కంప్యూటర్‌కు కలిపే చిన్న యంత్రాలు.

ముక్కుకు క్లిప్ పెడతారు. గుండెల నిండా గాలి పీల్చి, గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టి, ఒక్కసారిగా ఊది, గాలి అయిపోయేదాకా ఆపకుండా వదలాలి. కనీసం 3 సార్లు సరిగ్గా ఊదాలి. రిపోర్టులో రెండు అంకెలు ముఖ్యం. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలి ఎఫ్‌ఈవీ1. మొత్తం ఊదిన గాలి ఎఫ్‌వీసీ.

మందుకు ముందు, తర్వాత

తర్వాత సాల్బుటమాల్ మందు పీల్పించి, సుమారు 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తారు. పెద్దవారిలో ఎఫ్‌ఈవీ1 కనీసం 12 శాతం, 200 మి.లీ. పెరిగితే నాళాలు మందుకు తెరుచుకున్నట్టు లెక్క. ఉదాహరణకు 2 లీటర్లు ఉన్నది 2.3 లీటర్లు అయితే 15 శాతం పెరిగినట్టు. లక్షణాలతో పాటు ఇదీ ఉంటే ఆస్తమాకు బలమైన ఆధారం. మందు తర్వాత కూడా ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీల నిష్పత్తి 0.70 కంటే తక్కువే ఉంటే సీఓపీడీని అనుమానిస్తారు. పొగతాగేవారిలో, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చినవారిలో ఇది ఎక్కువ. రెండింటికీ చికిత్స ఒకటి కాదు కాబట్టి తేడా తేలాల్సిందే.

ఒకసారి నార్మల్ వచ్చినంత మాత్రాన ఆస్తమా లేదనుకోకూడదు. ఆ రోజు నాళాలు తెరుచుకుని ఉండొచ్చు.

ఇంట్లోనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. పీక్ ఫ్లో మీటర్ చేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం. ఉదయం, సాయంత్రం ఊది, ప్రతిసారీ మూడింటిలో ఎక్కువ వచ్చిన అంకెను రాసుకోవాలి. బాగున్న రోజుల్లో వచ్చిన అత్యధిక అంకెతో పోల్చాలి. 80 శాతం పైన ఉంటే ఫర్వాలేదు. 50 నుంచి 80 మధ్య ఉంటే డాక్టర్ ముందే చెప్పినట్టు మందు సర్దుకోవాలి. 50 కంటే తగ్గితే వెంటనే రిలీవర్ ఇన్‌హేలర్ వాడి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

గట్టిగా ఊదలేని చిన్నపిల్లలకు ఆసిలోమెట్రీ ఉంది. మామూలుగా ఊపిరి తీస్తుంటే చాలు, యంత్రం పంపే సన్నని గాలి తరంగాలే అడ్డంకిని కొలుస్తాయి. ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు.

ఎక్కడ చేయించుకోవాలి?

పీహెచ్‌సీల్లో సాధారణంగా ఈ పరీక్ష ఉండదు. మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో పల్మనాలజీ ఓపీకి వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. పరీక్ష ఏ రోజుల్లో, ఏ వేళల్లో చేస్తారో ముందే కనుక్కుంటే రెండోసారి తిరగాల్సిన పని ఉండదు.

వెళ్లే ముందు..

• కనీసం గంట ముందు నుంచి సిగరెట్, వ్యాయామం వద్దు.
• బిగుతు దుస్తులు వేసుకోవద్దు.
• ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్‌నే అడగండి. సొంతంగా మానేయొద్దు.
• ఈమధ్య గుండెపోటు వచ్చినా, కంటి, మెదడు, ఛాతీ, పొట్ట ఆపరేషన్లు జరిగినా ముందే చెప్పండి.
• పాత రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. ఈసారి వచ్చిన అంకెను పాతదానితో పోల్చి చూస్తేనే జబ్బు ఎటు వెళ్తోందో తెలుస్తుంది.

మృగశిర కార్తె వేళ చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరేవారూ గుర్తుంచుకోవాల్సింది ఒకటే. నమ్మకం ఎవరిదైనా, ఇన్‌హేలర్ తగ్గించాలా, ఆపాలా అన్నది మీటర్‌లో అంకె చూసి డాక్టర్ చెప్పాల్సిన మాట.