అరకులో ఇల్లా? లోన్ కంటే ముందు ఇది చూడండి!

అరకు ట్రెక్కింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ ‘ఇక్కడే ఓ చిన్న ఇల్లుంటే..’ అనిపిస్తుంది కదా! వర్క్ ఫ్రమ్ హోమ్ చేసే నాకూ అనిపించింది. ఈఎంఐ లెక్కలకంటే ముందు చట్టం చూశా. అరకు షెడ్యూల్డ్ ఏరియా. గిరిజనుల భూమి చేజారకూడదని తెచ్చిన 1/70 చట్టం ప్రకారం నాలాంటి గిరిజనేతరులు అక్కడ స్థలం, ఇల్లు కొంటే చెల్లదు. అమ్మేవాళ్లు గిరిజనేతరులైనా అంతే! ఇక హోమ్‌లోన్ మాటెక్కడిది?

‘స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ చాలు, పర్సనల్ లోన్ పెట్టేయండి’ అని ఎవరైనా అంటే దండం పెట్టేయండి. ఇల్లు మనది కాదు, ఈఎంఐ మాత్రం మనదే!

అందుకే నేను కొండ కింద ఎస్.కోటలో వెతుకుతున్నా. అది షెడ్యూల్డ్ ఏరియా కాదు. రూ.30 లక్షల్లోపు లోన్‌కి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చని ఆర్‌బీఐ రూల్. మిగతాదీ, రిజిస్ట్రేషన్ ఖర్చులూ మన జేబులోంచే. ముందు ఆ డబ్బు పోగేయండి, అరకు ఎక్కడికీ పోదు!