కొబ్బరికి ఇద్దరు శత్రువులు

సోంపేట, కవిటి ప్రాంతాల ఉద్దానంలో కొబ్బరి చెట్టు ఇంటి పెద్దకొడుకుతో సమానం. అట్టి చెట్టును పట్టి పీడించే పెంకు పురుగులలో ముఖ్యమైనవి రెండు: కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు. రెండూ ఒకే కీటకవర్గానికి చెందినవే అయినా వాటి నివాసం వేరు, ఆహారం వేరు, చేసే హాని వేరు. ఈ భేదం తెలియకపోతే రైతు పడిన శ్రమ వ్యర్థమవుతుంది.

కొమ్ము పురుగు నల్లనిది. దాని తలపై ఖడ్గమృగానికి ఉన్నట్లు ఒక కొమ్ము ఉంటుంది. దీని బాల్యం పచ్చని చెట్టుపై గడవదు. పేడకుప్పలు, కుళ్ళిన మొద్దులు దాని పుట్టినిళ్ళు. పిల్లపురుగులు ఆ కుళ్ళిన పదార్థాన్నే తిని పెరుగుతాయి. రెక్కలు వచ్చిన తరువాతనే అది రాత్రివేళ ఎగిరివచ్చి, మొవ్వును తొలిచి, లేతభాగపు రసాన్ని పీలుస్తుంది. అందుచేతనే విచ్చుకొన్న ఆకులు కత్తెరతో కత్తిరించినట్లు కనిపిస్తాయి. ముదురు చెట్టు సామాన్యంగా దీనివల్ల చావదు. దిగుబడి మాత్రం తగ్గుతుంది.

ఎర్రముక్కు పురుగు స్వభావం ఇందుకు విపరీతం. పొడవైన ముక్కు గల ఈ ఎర్రని పురుగు చెట్టుకు తగిలిన గాయాన్ని వెదకి, అందులో గుడ్లు పెడుతుంది. కాళ్ళు లేని పిల్లపురుగులు సజీవమైన కాండంలోని మెత్తని భాగాన్ని తింటూ, అక్కడే పీచుతో గూడు కట్టుకొంటాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. కాండంపై రంధ్రాలు, ఎర్రని జిగురు కనిపించేసరికి లోపల గుల్లయి ఉంటుంది. 1980వ దశకం నుండి అరబ్బు దేశాల ఖర్జూర తోటలను నాశనం చేస్తున్నది కూడా ఈ పురుగే.

ఈ రెండింటికీ ఒక సంబంధం కలదు. మొదటిది చేసిన గాయమే రెండవదానికి ద్వారం. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో అసంఖ్యాకంగా కొబ్బరి చెట్లను కూల్చింది. అట్లు కూలిన మొద్దు తోటలోనే కుళ్ళితే కొమ్ము పురుగుకు నిలయమవుతుంది; గాయపడి నిలిచిన చెట్టు ముక్కు పురుగును ఆకర్షిస్తుంది.

కనుక చికిత్సలు కూడా వేరు. కొమ్ము పురుగు నివారణకు మొద్దులను తొలగించాలి. ఎరువు గుంటలలో మెటారైజియం అనే శిలీంధ్రాన్ని కలపాలి. మొవ్వులో చేరిన పురుగును ఇనుప చువ్వతో లాగివేయాలి. ముక్కు పురుగు విషయంలో చెట్టుకు గాట్లు పెట్టకపోవడం, పచ్చిమట్టలను కాండం దగ్గరకు నరకకపోవడం ప్రధానం. చచ్చిన చెట్టును చీల్చి, లోపలి పురుగులను కాల్చివేయాలి.

విద్యార్థులారా! సెలవులలో మీ తోటలకు వెళ్ళినప్పుడు మొవ్వును చూడండి, కాండాన్ని చూడండి, మూలనున్న ఎరువుకుప్పను కూడా చూడండి. శత్రువు ఎక్కడ పుడుతుందో, ఏమి తింటుందో ఎరిగినవాడే తోటను కాపాడుకోగలడు.