తొలి వసంతపు బ్యాంక్స్ గులాబీ

తోటలోని తక్కిన గులాబీలు ఇంకా చిగురు దశలో ఉండగానే గుత్తులు గుత్తులుగా పూసే బ్యాంక్స్ గులాబీ చైనాకు చెందిన తీగజాతి. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానం తరఫున వెళ్లిన విలియం కెర్ 1807లో కాంటన్ నుంచి దాని తెల్లని ముద్దపూల రకాన్ని, అంటే రేకులు వరుసలుగా కిక్కిరిసిన రకాన్ని, ఇంగ్లండుకు చేర్చగా, వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ భార్య డొరోథియా పేరు మీదుగా దానికి ఆ పేరు స్థిరపడింది. శ్రమించి తెచ్చిన కెర్ పేరు మాత్రం కెరియా అనే పసుపుపూల పొదకు దక్కింది. బ్యాంక్స్ గులాబీలోనే లేత పసుపు రంగు రకం ‘లూటియా’ 1824లో ఇంగ్లండుకు వచ్చింది.

రూపాయి నాణెమంత పువ్వులు, దాదాపు ముళ్లులేని నున్నని కొమ్మలు దీని ప్రత్యేకతలు. ఏడాదికి ఒక్కసారే, అదీ ముందటేడు పెరిగిన కొమ్మల మీదే పూస్తుంది కనుక చలికాలంలో కత్తిరిస్తే ఆ వసంతపు పూలన్నీ పోయినట్లే. అమెరికాలోని టూంబ్‌స్టోన్ పట్టణంలో 1885లో నాటిన తెల్లరకం నేటికీ విశాలమైన పందిరిని కప్పుతూ పూస్తోంది.