ఓడిన మ్యాచ్.. ఇంటర్వ్యూలో జవాబైంది!

‘మీరు ఫెయిలైన సందర్భం ఒకటి చెప్పండి’. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు తడబడనివాళ్లు తక్కువ. నేనూ తడబడ్డాను. దానికి జవాబు నాకు ఏ కోచింగ్‌లోనూ దొరకలేదు. శనివారం పొద్దున్న ఆడిన ఓ ఆటలో దొరికింది.

ఒకసారి మీ రెజ్యూమె చివరి లైను చూసుకోండి. ‘హాబీస్: క్రికెట్ ఆడటం, సంగీతం వినడం’ అని ఉందా? నాదీ అచ్చం అలాగే ఉండేది. ఎంఎస్ కోసం టెక్సాస్ వెళ్లేదాకా నాకు తెలిసిన అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడటమే. ఓ సాయంత్రం యూనివర్సిటీ రిక్రియేషన్ సెంటర్‌లో బ్యాడ్మింటన్ కోర్టు ఖాళీ అవుతుందేమోనని కూర్చున్నాను. పక్కన ఓ జట్టుకు మనిషి తక్కువయ్యాడట. ‘పరుగెత్తగలవా?’ అని అడిగారు. ‘ఓ’ అన్నాను. ఆ ‘ఓ’ ఐదేళ్లు నడిచింది. చదువయ్యాక కూడా డాలస్ దగ్గర శనివారం లీగులో ఆడాను. పైసా రాలేదు సరికదా, సీజన్‌కు మేమే ఎదురు ఫీజు కట్టేవాళ్లం.

కబడ్డీ తెలిస్తే సగం వచ్చినట్టే

మేం ఆడింది ఫ్లాగ్ ఫుట్‌బాల్. టీవీలో చూసే ఆటలో జట్టుకు 11 మంది, 100 గజాల మైదానం. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. మా ఆటలో జట్టుకు ఐదుగురే. నాలుగు ప్రయత్నాల్లో మైదానం మధ్య గీత దాటాలి, ఇంకో నాలుగింటిలో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేయాలి. దానికి ఆరు పాయింట్లు. హెల్మెట్ లేదు, మీద పడటం లేదు. నడుముకు బెల్టు, దానికి వేలాడే గుడ్డ పట్టీలు. బంతి పట్టుకున్నవాడి పట్టీ లాగేస్తే ఆ ప్రయత్నం అక్కడితో అయిపోయినట్టే.

పట్టీ లాగేటప్పుడు ఎదుటివాడి కళ్లు చూడొద్దు, నడుము చూడమన్నారు. కళ్లు ఒకవైపు చూపించి మనిషి ఇంకోవైపు పోగలడు, నడుము మాత్రం అబద్ధం చెప్పదు. మా ఊరి బడిలో కబడ్డీ ఆడినప్పుడు పీఈటీ సార్ చెప్పిన మాట కూడా ఇదే. అందుకే డిఫెన్స్ తొందరగా వంటబట్టింది. కష్టమైందల్లా రిసీవర్‌గా ఆడటం. రిసీవర్ ఇష్టమొచ్చినట్టు పరుగెత్తకూడదు. ‘ఐదు గజాలు నేరుగా, ఆపైన లోపలికి’ అని ముందే ఓ దారి గీస్తారు. మనం తిరగకముందే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేస్తాడు. అతను మనల్ని చూసి విసరడు, మనం ఉంటామని నమ్మిన చోటికి విసురుతాడు.

90 రోజుల లెక్క

ఎంఎస్ అయ్యాక ఓపీటీ మొదలైంది. ఆ కాలంలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. నేను గోడ మీద క్యాలెండర్‌లో రోజూ ఒక గీత కొట్టేవాణ్ని. నలభయ్యో గీత దాటాక ఓ కంపెనీలో మేనేజర్ రౌండ్ దాకా వెళ్లాను. ‘మీ ఫెయిల్యూర్ ఒకటి చెప్పండి’ అన్నారు. ‘నేను పని చేస్తే పర్‌ఫెక్ట్‌గా ఉండాలనుకుంటాను, అదే నా బలహీనత’ అని బట్టీపట్టిన జవాబు అప్పజెప్పాను. ఆయన తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. రెండు రోజులకు రిజెక్షన్ మెయిల్ వచ్చింది. ఆ ఒక్క జవాబు వల్లే పోయిందని అనను. కానీ ఆ జవాబులో నేను లేనని చెబుతున్నప్పుడే నాకు అర్థమైంది.

ఆ శనివారమే సెమీఫైనల్. నాలుగు పాయింట్లు వెనకబడ్డాం, ఒక నిమిషం కూడా మిగల్లేదు. నా దారి అదే: ఐదు గజాలు నేరుగా, ఆపైన లోపలికి. తీరా చూస్తే నేను తిరగాల్సిన చోటే ప్రత్యర్థి కాచుకుని ఉన్నాడు. నా తెలివి వాడి ఇంకో రెండు గజాలు ముందుకెళ్లి తిరిగాను. బంతి మాత్రం అనుకున్న చోటికే వచ్చింది. అతను తేలిగ్గా పట్టేసి పరుగందుకున్నాడు. మ్యాచ్ పోయింది.

మా క్వార్టర్‌బ్యాక్ హైస్కూల్లో లెక్కల టీచర్, నలభై దాటిన మనిషి. తిడతాడనే అనుకున్నాను. దగ్గరికొచ్చి, ‘నువ్వు ఏం చూశావ్?’ అన్నాడు. ‘ఎందుకలా చేశావ్?’ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ‘నువ్వు చూసింది కరెక్టే. కానీ అది నీ ఒక్కడికే తెలుసు. నాకు తెలిసే దారి మనం పెట్టుకోలేదు’ అన్నాడు. తర్వాతి ప్రాక్టీస్‌లో ఒక సైగ పెట్టుకున్నాం. బంతి కదలకముందే ప్రత్యర్థి లోపలివైపు కాచుకుని కనిపిస్తే నేను బెల్టు తాకాలి. అప్పుడు నేను బయటికి తిరుగుతానని అతనికి అర్థమవుతుంది.

ఆ ప్రశ్న ఆయన కొత్తగా అడిగింది కాదు. మా జట్టులో ఎప్పుడూ అలాగే అడుగుతారు. నేనే అంతకుముందు పట్టించుకోలేదు. ఈ ఆటలో ఒక ప్రయత్నం అయ్యాక తర్వాతిది మొదలుపెట్టడానికి ఉండేది 25 సెకన్లు. అందులో ‘తప్పెవరిది’ అని పంచాయితీ పెడితే ఉన్న టైమ్ అయిపోతుంది. ఏం కనిపించిందో చెప్పుకుంటే తర్వాత ఏం చేయాలో తేలుతుంది.

71వ రోజు

మరో కంపెనీ, మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ఆ మ్యాచ్ గురించి చెప్పాను. ఏం చూశాను, ఏం నిర్ణయించుకున్నాను, దానివల్ల ఏం పోయింది, ఆ తర్వాత ఏం మార్చుకున్నాం. మేనేజర్ ముందుకు వంగి, ‘చదువులోనో పనిలోనో ఇలాంటిదే జరిగిందా?’ అని అడిగారు. జరిగింది. గ్రూప్ ప్రాజెక్టులో ఏపీఐలో ఒక ఫీల్డ్ పేరు మెరుగ్గా ఉంటుందని మార్చేశాను. ఫ్రంట్‌ఎండ్ రాస్తున్న ఫ్రెండ్‌కు చెప్పలేదు. డెమో రోజు ప్రొఫెసర్ ముందు స్క్రీన్ ఖాళీగా వచ్చింది. అదీ మైదానంలో చేసిన తప్పే: నిర్ణయం సరైనదే కావచ్చు, కానీ అవతలివాడికి తెలియలేదు. అంతకుముందు ఏ ఇంటర్వ్యూలోనూ ఈ సంగతి బయటపెట్టే ధైర్యం చేయలేదు.

80వ రోజు ఆఫర్ వచ్చింది. ఆట ఉద్యోగం తెచ్చిపెట్టిందని మీకు చెప్పను. కోడింగ్ రౌండ్లు కోడింగ్‌తోనే దాటాను. వాటికి అడ్డదారి లేదు. ఆఖరి రౌండ్‌లో మాత్రం నేను నాలాగే మాట్లాడగలిగాను.

ఆట నుంచి ఒక దెబ్బ కూడా మిగిలింది. ఓ మ్యాచ్‌లో బంతి చిటికెన వేలి కొసకు తగిలింది. అమ్మకు వీడియో కాల్‌లో కనిపించకుండా చెయ్యి కిందే పెట్టుకున్నాను. డాక్టర్ ఖర్చుకు భయపడి రెండు వారాలు ఆగాను. వెంటనే స్ప్లింట్ కట్టించుకుని ఉంటే సరిపోయేదట. ఇప్పటికీ ఆ వేలు పూర్తిగా చాపలేను. దాచిన తప్పు లాంటిదే దాచిన దెబ్బ కూడా. ఖర్చు తగ్గదు, పెరుగుతుంది.

మీరేం చేయొచ్చు?

* చిన్నదైనా సరే, నిజంగా మీదైన ఒక తప్పు ఎంచుకోండి. ‘టీమ్‌మేట్స్ పని చేయలేదు’ అన్నది మీ ఫెయిల్యూర్ కాదు, మీ ఫిర్యాదు.

* దాన్ని నాలుగు ముక్కలుగా రాసుకోండి: ఏం చూశాను, ఏం నిర్ణయించాను, ఏం నష్టం జరిగింది, ఏం మార్చాను. నాలుగో ముక్క లేకపోతే అది ఇంకా జవాబు కాదు.

* రెండు నిమిషాలు దాటకుండా చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మొదటిసారి సిగ్గేస్తుంది. మూడోసారికి అలవాటవుతుంది.

* రెజ్యూమెలో ‘క్రికెట్ ఆడటం’ అని వదిలేయకండి. ఎన్నేళ్లు ఆడారు, జట్టులో మీ పనేంటి, టోర్నీ ఏర్పాట్లు చూశారా.. ఒక్క లైను చాలు. అడిగితే చెప్పడానికి మీ దగ్గర కథ ఉండాలి.

* ప్రాజెక్టులో ఎవరైనా పొరపాటు చేస్తే ‘ఎందుకలా చేశావ్’ బదులు ‘నువ్వేం చూశావ్’ అని అడిగి చూడండి. అవతలివాళ్లు సాకులు మాని అసలు విషయం చెబుతారు.

ఈ ఆట మనకు మరీ పరాయిదేం కాదు. 2012లో ఆడిన ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాలో హైదరాబాద్ స్కైకింగ్స్ పేరుతో మన జట్టూ ఉంది. 2023 అక్టోబరులో ముంబయిలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలో క్రికెట్‌తో పాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌నూ 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లో చేర్చారు. పురుషులకూ, మహిళలకూ పోటీలుంటాయి. పది మంది, ఒక బంతి, నడుముకు కట్టుకునే పట్టీలు ఉంటే మీ కాలేజీ గ్రౌండ్‌లోనూ మొదలుపెట్టొచ్చు.

అదే ఆడాలని లేదు. కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా, కాలేజీ ఫెస్ట్‌లో నాటకమైనా పర్లేదు. మీ తప్పు నలుగురికీ కనబడే చోట, మళ్లీ మర్నాడు వాళ్ల ముందుకే వెళ్లాల్సిన చోట కొన్నాళ్లు ఉండండి. ఈ వారం ఇంటర్వ్యూ పోయిందా? కాసేపు బాధపడండి, తప్పు లేదు. ఆ తర్వాత నోట్‌బుక్ తీసి, ‘నేను ఏం చూశాను?’ అని పైన రాసుకుని మొదలుపెట్టండి.